పడమటి షెడ్డుకు ఏమీ ఇవ్వలేదు

ఆ సోమవారం ఉదయం అల్లుడి ప్రణాళిక చాలా చిన్నది. ఐదున్నరకు తూర్పు షెడ్డు ట్యాంకులో విటమిన్ పొడి కలపాలి. పడమటి షెడ్డు ట్యాంకులో ఏమీ కలపకూడదు. ఏడింటికి కాఫీ తాగాలి. ఇందులో చెడిపోవడానికి వీలున్న పని ఒక్కటీ లేదు, రెండోది అసలు పనే కాదు. ఏమీ చేయకుండా ఊరుకోవడం ఆ ఇంట్లో ఎంత కష్టమో అతనికి అప్పటికింకా తెలియదు.

అతనిది ఇల్లరికం. పేరు ఉండే ఉంటుంది. శుభలేఖలో ఒకసారి అచ్చయింది కూడా. ఆ తర్వాత ఎవరికీ దాని అవసరం కలగలేదు. ఇంట్లో, షెడ్లలో, వీధిలో అందరికీ అతను అల్లుడే. మామగారికి రెండు కోళ్ళ షెడ్లున్నాయి, ఒక్కోదానిలో వెయ్యి గుడ్లకోళ్ళు. ముప్ఫై ఏళ్ళు ఆయనే చూసుకున్నారు. మోకాళ్ళు మొరాయించాక, రెండు నెలల కిందట, తాళాల గుత్తి అల్లుడి చేతిలో పెట్టారు. పెట్టారే గాని, దాని మీద నుంచి కళ్ళు మాత్రం తీయలేదు.

అల్లుడైనా తిన్నగా ఉన్నాడా? పశువుల డాక్టరు నడిపే మూడు రోజుల శిక్షణకు వెళ్ళి, సర్టిఫికెట్టు పట్టుకొచ్చి, ఫ్రేము కట్టించి, ముందు గదిలో తగిలించాడు. ఆ మేకుకి అంతకు ముందు మామగారి ఫొటో ఉండేది. చదవేస్తే ఉన్న మతి పోయిందనడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదని మామగారు ఆ రోజే తీర్మానించుకున్నారు.

ఆదివారం సాయంత్రం భోజనాల దగ్గర అల్లుడు విషయం కదిపాడు.

"ఎండ ముదిరింది మామయ్యగారూ. సి విటమిన్ కోడి ఒంట్లోనే తయారవుతుంది గాని, ఈ వేడికి అది చాలదు. మనమే నీళ్ళల్లో కలిపివ్వాలి. ఇ విటమిన్ కూడా. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఇచ్చేస్తే మధ్యాహ్నం ఎండకి తట్టుకుంటాయి."

"ముప్ఫై ఏళ్ళుగా నా కోళ్ళు ఏం తాగాయి అల్లుడుగారూ?"

"నీళ్ళు."

"చచ్చాయా?"

"ప్రతి ఎండాకాలం చస్తూనే ఉన్నాయి కదండీ."

మామగారికి కోపం ఎంత పెరిగితే మాటలో మర్యాద అంత పెరుగుతుంది. "చచ్చినవి చచ్చాయండీ అల్లుడుగారండీ. మిగిలినవి గుడ్లు పెట్టాయండీ. తమరు తినే ఆ గుడ్డట్టు వాటిదేనండీ."

అట్టు అల్లుడి గొంతులో ఆగింది. మామగారు మాత్రం ఆగలేదు. అక్కడికక్కడే పందెం కట్టేశారు. తూర్పు షెడ్డు అల్లుడి పొడిది, పడమటి షెడ్డు మామగారి వట్టి నీళ్ళది. గడువు ఏడు రోజులు. వట్టి నీళ్ళ షెడ్డు పొడి షెడ్డుకి ఏ మాత్రం తీసిపోకపోయినా తాళాలు వెనక్కి ఇచ్చేయాలి.

"ఇచ్చేసి, శుభ్రంగా మా తమ్ముడి దాణా కొట్లో కూర్చోండి. ఫ్యాను కూడా ఉంది."

ఆ ఫ్యాను సంగతి అల్లుడికి తెలుసు. తాళాలు చేతికి రాకముందు ఏడాదిపాటు దాని కిందే కూర్చున్నాడు. ఎవరు లోపలికొచ్చినా "ఓహో, పెద్దాయన అల్లుడా" అని, అతని తల మీదుగా చూసి, చిన్నాయన ఎక్కడ అని అడిగేవారు. ఏడాదంతా అతను చేసిన పని తుమ్మడం ఒక్కటే. షెడ్ల తాళాలు చేతికొచ్చాకే తానూ ఒక మనిషినని అతనికి నమ్మకం కుదిరింది. కోళ్ళు కనీసం అతన్ని అల్లుడని పిలవవు. మళ్ళీ ఆ కొట్టుకి వెళ్ళడమంటే అతనికి నిజంగానే ఏడుపొచ్చినంత పనయింది.

అందుకని పందేన్ని పూర్తిగా శాస్త్రం ప్రకారం నడపదలచుకున్నాడు. షెడ్డు గోడకి నల్లపలక తగిలించాడు. రోజూ మధ్యాహ్నం రెండింటికి ఒక్కో షెడ్డులో వంద కోళ్ళను చూసి, వాటిలో ఎన్ని నోరు తెరిచి రొప్పుతున్నాయో పలక మీద రాయాలి. పక్కనే గుడ్ల లెక్క, చావుల లెక్క. అంతటితో ఆగినా బాగుండేది. ఇంట్లో మనుషుల మీద నమ్మకం చాలక, పొడి డబ్బా బయట పెన్నుతో గీత గీశాడు. పొద్దున్న తన వంతు వాడుకున్నాక పొడి ఎక్కడిదాకా ఉంటే అక్కడ కొత్త గీత. వేరెవరు ముట్టుకున్నా తెలిసిపోవాలి. తెలివంటే అదీ.

మొదటి రోజు మధ్యాహ్నం తూర్పున వందకు నలభై రెండు నోళ్ళు తెరుచుకున్నాయి, పడమట యాభై ఎనిమిది. అల్లుడు ఆ అంకెలను కాస్త పెద్దగానే రాశాడు. అతని భార్య మాత్రం పలక వంక చూడలేదు. పడమటి షెడ్డు మొదటి వరసలో ఆవిడ చేతిలో మేత తినే కోడి ఒకటుంది. అది రెక్కలు ఒంటికి దూరంగా పెట్టి, నోరు తెరిచి ఆవిడ వంకే చూసింది. ఎండవేళ కోడి ఎవరి వంకైనా అలాగే చూస్తుంది గాని, ఆ సంగతి ఆవిడకు ఎవరు చెప్పాలి?

"ఏవండీ, వీటిక్కూడా ఒక్క చెంచా వేస్తే ఏమవుతుంది?"

"శాస్త్రం పోతుంది."

"ప్రాణం పోతే?"

"పలక మీద రాస్తాం."

తాను ఎవరిని కట్టుకుందో ఆవిడకు ఆ క్షణంలో కొత్తగా అర్థమైంది. మొగుడు స్నానానికి వెళ్ళగానే డబ్బాలోంచి రెండు చెంచాలు తీసి కొంగులో దాచుకుంది. పొడి గీత కిందికి దిగింది. ఆవిడేమీ తక్కువ తిన్లేదు. వంటింట్లోంచి గోధుమపిండి తెచ్చి, రంగుకి చిటికెడు పసుపు కలిపి, డబ్బాని సరిగ్గా గీతదాకా నింపింది.

మర్నాడు అత్తగారి వంతు వచ్చింది. మొగుడి పంతానికి నోరులేని జీవాలు బలవడం ఆవిడకు సుతరామూ నచ్చలేదు. ముప్ఫై ఏళ్ళుగా ఆ పంతానికి బలవుతున్న నోరున్న జీవం ఆవిడే గనక, బాధ తెలుసు. ఆవిడ మూడు చెంచాలు తీసుకుని, ఆ లోటును శనగపిండితో పూడ్చారు. రంగు ఇట్టే కలిసిపోయింది.

ఇక షెడ్లలో పనిచేసే మౌనిస్వామి. నిద్రలో కూడా మాట్లాడతాడని అతనికి ఆ పేరు పెట్టారు. పందెం గురించి వీధి వీధంతా చెప్పి వచ్చాడు గాని, సాయంత్రం తాను నాలుగు చెంచాలు పడమటి ట్యాంకులో వేసి, డబ్బాలో మెత్తగా జల్లించిన దాణా పొడి పోసిన సంగతి మాత్రం ఒక్కరికీ చెప్పలేదు. అతను పుట్టాక దాచిన మొదటి రహస్యం అదే.

ఇలా ముగ్గురూ ఒకరికి తెలియకుండా ఒకరు రోజూ వచ్చి చెంచాలు తీయడం, పిండి పోయడం. తూర్పు షెడ్డును ఎవరూ పట్టించుకోలేదు. దానికేం లోటు, స్వయంగా అల్లుడే వేస్తున్నాడాయె! మూడో రోజుకి ఆ డబ్బాలో విటమిన్ అనే పదార్థం డబ్బా మీది చీటీలో మాత్రమే మిగిలింది. లోపలిది పొయ్యి మీద పెట్టడమే తరువాయి. అల్లుడు మాత్రం ఐదున్నరకు లేచి, గీతకీ పొడికీ వెంట్రుకవాసి తేడా లేకపోవడం చూసి, తన తెలివికి తానే మురిసిపోయి, ఆ పిండిని తూర్పు ట్యాంకులో భక్తిగా కలిపేవాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం పలక మీది అంకెలు చూసి అతనే నమ్మలేకపోయాడు. తూర్పున అరవై ఒకటి, పడమట ఇరవై ఎనిమిది. రెండోసారి లెక్కపెట్టాడు. ఈసారి తూర్పున అరవై నాలుగు. మూడోసారి లెక్కపెట్టే ధైర్యం లేక డాక్టరుకు ఫోన్ చేశాడు.

"పొద్దున్నే కలుపుతున్నారా?" అన్నాడు డాక్టరు.

"ఐదున్నరకండీ."

"ముందు గంటసేపు నీళ్ళు కట్టేసి, దాహం పుట్టాక వదుల్తున్నారా?"

"వదుల్తున్నా. కాని డాక్టరుగారూ, ఇక్కడ ఏం జరుగుతోందంటే..."

"ఏం జరుగుతుందో నాకు తెలీదా! అద్భుతంగా ఉండుంటుంది. ఆదివారం కొత్త బ్యాచ్ రైతులు ఇరవైమందిని మీ షెడ్డుకే తీసుకొస్తున్నా. వాళ్ళకి మీరే వివరించాలి." ఫోన్ పెట్టేశాడు.

అల్లుడు కుడితిలో పడ్డ ఎలుకలా కాసేపు కొట్టుకుని, చివరికి శిక్షణ పొందిన మనిషి చేసే పనే చేశాడు. మోతాదు రెట్టింపు చేశాడు. శుక్రవారం నుంచి తూర్పు షెడ్డు కోళ్ళకు రెండింతల పిండి అందసాగింది.

మామగారి సంతోషం చెప్పనలవి కాదు. మోకాళ్ళు మొరాయించాయని రెండు నెలలుగా కుర్చీ దిగని మనిషి, ఈ వారమంతా చీకటితోనే లేచి నడకకు వెళ్ళి వస్తున్నారు. గెలుపు మహత్యం కాబోలని అల్లుడు సరిపెట్టుకున్నాడు. కాఫీ వేళకి తిరిగొచ్చి, నిన్నటి అంకెలు అందరికీ వినిపించేలా చదవడం ఆయనకు దినచర్య అయింది. శనివారం సాయంత్రానికి చావుల లెక్క తూర్పున నాలుగు, పడమట సున్నా. మామగారు తాళాల కోసం చెయ్యి చాపారు.

"ఇంకా ఒక రోజుంది మామయ్యగారూ."

"ఆ రోజు కోసం ఇంకో నాలుగు కోళ్ళని చంపుతారాండీ అల్లుడుగారండీ?"

పలక ముందు అతను ఎన్ని కబుర్లు చెప్పినా, ఆ నాలుగింటినీ తన చేతులతోనే తీసి పాతాడు. ఒక్కోసారి ఇంటికొచ్చి అన్నం మానేశాడు కూడా. తాళాలు ఇచ్చేశాడు. ఇంట్లో మిగతా ఇద్దరూ తేలు కుట్టిన దొంగల్లా గోడలు చూస్తూ ఉండిపోయారు. భార్య పక్క మీద దొర్లుతూ లెక్క వేసుకుంది. చెబితే తన దొంగతనం బయటపడుతుంది, చెప్పకపోతే మొగుడు దాణా కొట్టు పాలవుతాడు. రేపు ఆ రైతులు వెళ్ళిపోగానే చెప్పేద్దామనుకుంది. పక్కగదిలో అత్తగారూ సరిగ్గా అదే అనుకున్నారు. మంచి పనులన్నీ రేపటికి వాయిదా వేయడం ఆ ఇంట్లో వంశపారంపర్యం.

ఆదివారం పదింటికి డాక్టరు ఇరవైమంది రైతులతో దిగాడు. మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, నడుముకి తాళాల గుత్తి వేలాడేసి, వాళ్ళను నేరుగా పడమటి షెడ్డుకు నడిపించారు. కోళ్ళు నోళ్ళు మూసుకుని, తోటి కోళ్ళతో పోట్లాడుకుంటూ కులాసాగా ఉన్నాయి.

"ఏం వాడారండీ?" అన్నాడు ఒక రైతు, పుస్తకం తెరిచి.

"ఏమీ ఇవ్వలేదు. వట్టి నీళ్ళు."

ఆ రైతు చాలా శ్రద్ధగలవాడు. 'ఏమీ ఇవ్వలేదు' అని రాసుకుని కింద గీత కొట్టాడు. "ఏమీ ఇవ్వకపోవడం ఏ టైముకండీ?"

"తెల్లవారుజామున నాలుగున్నరకి," అన్నారు మామగారు ఠక్కున.

రైతు అదీ రాసుకున్నాడు. అదేం ప్రశ్నో, అదేం జవాబో మిగతావాళ్ళెవరూ ఆలోచించలేదు, ఎందుకంటే అప్పుడే మౌనిస్వామి కేకలు వేస్తూ పరుగెత్తుకొచ్చాడు.

"బాబుగారూ! తూర్పు షెడ్డులో నీళ్ళు రావట్లేదు! ఒక్క కోడికీ చుక్క అందట్లేదు!"

ఆ షెడ్లలో నీళ్ళు గొట్టాల్లో నడుస్తాయి. గొట్టానికి కింద చిన్న ఇనుప మొనలు వేలాడుతుంటాయి. కోడి ముక్కుతో పొడిస్తే చుక్క జారుతుంది. తూర్పు షెడ్డులో వెయ్యి కోళ్ళూ ఆ మొనలను టకటకా పొడుస్తున్నాయి. చుక్క లేదు. కొన్ని అప్పటికే మెడలు వాల్చేశాయి. డాక్టరు ఒక మొనను వేలితో నొక్కాడు. నీటిచుక్కకు బదులు పసుపురంగు ముద్ద ఒకటి నెమ్మదిగా బయటికొచ్చి అతని వేలికి అంటుకుంది.

అల్లుడికి తాళాలు, పందెం, సర్టిఫికెట్టు ఏవీ గుర్తు రాలేదు. "బకెట్లు! ఏది దొరికితే అది పట్రండి!" అని అరిచి తానే బావి మోటారు దగ్గరికి పరుగెత్తాడు. ఆ తర్వాతి ముప్పావుగంట శిక్షణలో రైతులు నేర్చుకున్నదల్లా బకెట్లు మోయడమే. తొట్లు, పళ్ళేలు, అత్తగారి వంటింటి గిన్నెలు, చివరికి ముందు గదిలోని పూలకుండీల అడుగుపళ్ళేలు కూడా షెడ్డులోకి చేరాయి. మామగారు ఇస్త్రీ చొక్కా విప్పి, నీళ్ళలో ముంచి, వాలిపోయిన కోళ్ళ మీద పిండుతూ వరస వరసకీ తిరిగారు. ఆయన మోకాళ్ళు ఆ ముప్పావుగంటా నోరెత్తలేదు. ఒక్కొక్కటే కోళ్ళు తల ఎత్తాయి. ఆ రోజు ఒక్కటి కూడా చావలేదు.

అందరూ తడిసి ముద్దై షెడ్డు ముందు కూలబడ్డాక డాక్టరు వేలి మీది ముద్దను వాసన చూశాడు. డబ్బా తెప్పించి మూత తీసి మళ్ళీ చూశాడు.

"ఇది విటమిన్ కాదు. శనగపిండి. గోధుమపిండి కూడా ఉన్నట్టుంది. ఇదేమిటి, దాణానా?"

అడిగిందే తడవు, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ముగ్గురూ ఒకేసారి లేచి నిలబడ్డారు. "గోధుమపిండి నాదండీ," అంది భార్య మొగుడి కాళ్ళ వంక చూస్తూ. "శనగపిండి నాది బాబూ," అన్నారు అత్తగారు. "దాణా నాది, కాని జల్లించి పోశానండీ, నలుసు కూడా లేకుండా," అన్నాడు మౌనిస్వామి, కాస్త గర్వంగానే.

"అయితే నా ట్యాంకులో ఇన్నాళ్ళూ..." అల్లుడు డబ్బాలో వేలు పెట్టి నాకి చూశాడు.

"పడమటి వాటిని చూడలేకపోయానండీ," అంది భార్య. "మీ పొడి మీద నాకు నమ్మకం లేక కాదు. ఉండబట్టే దొంగతనం చేశా."

ఆరేళ్ళ కాపురంలో ఆవిడ అతన్ని మెచ్చుకున్నది అదే మొదటిసారి. దానికి సంతోషించాలో ఏడవాలో అతనికి పాలుపోలేదు.

మామగారు మాత్రం విజృంభించారు. "కంచే చేను మేసిందండీ! ఇంటినిండా దొంగలేనండీ! ఈ కొంపలో పందేన్ని నిజాయితీగా ఆడింది నేనొక్కణ్ణేనండీ!"

"ఒక్క నిమిషం," అన్నాడు డాక్టరు. అతనికి లెక్క కుదరలేదు. "మొదటి రెండు మూడు రోజులు తప్పితే ఈ డబ్బాలో ఉన్నదంతా పిండే. మీరు ముగ్గురూ తీసి పడమటికి వేసిందీ పిండే. కొంచెం కొంచెంగా వేశారు గనక అక్కడ మొనలు పూడలేదంతే. మరి ఆ షెడ్డు వారమంతా అంత హాయిగా ఎలా ఉంది?"

"వట్టి నీళ్ళండీ! నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే..."

"ఆ!" డాక్టరు ముఖం విప్పారింది. "మర్చేపోయా. పెద్దాయనా, సోమవారం సాయంత్రం మీరు ఇదే పొడి నా దగ్గర రెండు డబ్బాలు పట్టుకెళ్ళారుగా. పనిచేసిందా?"

అల్లుడు మామగారి వంక చూశాడు. భార్య, అత్తగారు, మౌనిస్వామి చూశారు. ఇరవైమంది రైతులూ చూశారు. శ్రద్ధగల రైతు పుస్తకం పేజీ వెనక్కి తిప్పి, నాలుగున్నర అన్న చోట వేలు పెట్టుకున్నాడు.

"అది... నాకోసం తీసుకున్నా," అన్నారు మామగారు. "నేనే తాగుతున్నా. నడకకి ముందు."

"డబ్బా మీద కోడి బొమ్మ ఉందండీ."

"ఎండ మనిషిక్కూడా తగులుతుందండీ డాక్టరుగారండీ."

"అలాగా," అన్నారు అత్తగారు చల్లగా. "అయితే రేపట్నుంచి నా కళ్ళముందే తాగండి. ట్యాంకుకి పట్టేంత నేనే కలిపిస్తా."

మామగారు మింగలేక కక్కలేక, తడిచొక్కా దులుపుకుంటూ ఇంట్లోకి వెళ్ళిపోయారు. డాక్టరు గొట్టాలన్నీ కడగమని చెప్పి, రైతులను కూడగట్టుకుని బయల్దేరాడు.

సోమవారం ఐదున్నరకు అల్లుడు అలవాటుగా షెడ్ల వైపు నడిచాడు. తాళాలు లేవు, పందెం గెలిచిందెవరో తెలియదు, దాణా కొట్టుకి వెళ్ళాలో వద్దో ఎవరూ చెప్పలేదు. చూస్తే తలుపులు అప్పటికే తీసి ఉన్నాయి. తూర్పు ట్యాంకు పక్కన స్టూలెక్కి మామగారు కర్రతో నీళ్ళు కలియబెడుతున్నారు. అల్లుణ్ణి చూసి గతుక్కుమన్నా, చేతిలో కర్ర ఆపలేదు.

"అల్లుడూ, ఆ బకెట్టు ఇలా అందుకో."

అండీ లేదు, గారూ లేదు. ఆరేళ్ళలో మామగారికి తన మీద కోపం లేని పూట ఒకటి ఉంటుందని అల్లుడు కలలో కూడా అనుకోలేదు. బకెట్టు అందించాడు.

"ఇవి కూడా పట్టుకో," అంటూ మామగారు తాళాల గుత్తి విసిరారు. "నడుముకి బరువు. నడకకి అడ్డమొస్తున్నాయి."

"మరి పందెం మామయ్యగారూ?"

"గెలిచింది నేనే. అందులో అనుమానమేముంది?"

పలక ఇప్పటికీ ఆ గోడకే ఉంది. దాని మీద మామగారి చేతిరాతలో రెండే వరసలు. తూర్పు షెడ్డు: విటమిన్, ఐదున్నరకు, డబ్బా మీద రాసినంత. పడమటి షెడ్డు: ఏమీ ఇవ్వలేదు, నాలుగున్నరకు, డబ్బా మీద రాసినంత.